మోడల్ రైళ్లకు డీసీసీ: తక్కువ డబ్బుతో ఏ దారిన వెళ్లాలి?

డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్, అంటే ఒకే పట్టాల మీద ఒక్కో ఇంజన్‌ను విడివిడిగా నడిపే పద్ధతి) అనగానే అందరి చూపూ కంట్రోలర్ పెట్టె మీదికే పోతుంది. ఏ కంపెనీది, ధరెంత, ఫోన్‌తో నడుస్తుందా అని ఆరాలు. డబ్బు కరిగేది మాత్రం అక్కడ కాదు. పెట్టె ఒక్కసారి కొంటారు, ఇంజన్ లోపల కూర్చుని దాని ఆజ్ఞలు అందుకునే చిన్న సర్క్యూట్, అంటే డీకోడర్, ప్రతి ఇంజన్‌కూ ఒకటి కావాలి. పది ఇంజన్లుంటే పది డీకోడర్లు. సౌండ్ డీకోడర్ మీద మనసు పడితే ఒక్కోదాని ధర మామూలు దానికి మూడు నాలుగింతలు ఉంటుంది. అందుకే ఏ వెబ్‌సైటూ తెరవకముందే ఓ కాగితం తీసుకుని మూడు సంగతులు రాసుకోండి: మీ దగ్గర ఎన్ని ఇంజన్లున్నాయి, వాటిలో ఎన్నింటికి డీకోడర్ సాకెట్ ఉంది, ఒకేసారి పట్టాల మీద ఎన్ని కదలాలి. తర్వాతి నిర్ణయాలన్నీ ఈ మూడు అంకెల మీదే ఆధారపడతాయి.

మామూలు డీసీ పద్ధతిలో పట్టాలకు ఇచ్చే వోల్టేజీయే వేగం. నాబ్ తిప్పితే ఆ పట్టాల మీదున్న ఇంజన్లన్నీ కలిసి కదులుతాయి. డీసీసీలో పట్టాల మీద వోల్టేజీ ఎప్పుడూ నిండుగా ఉంటుంది, హెచ్‌ఓ స్కేలుకు (అసలు రైలులో 87వ వంతు సైజు) సుమారు 15 వోల్టులు, ఇంకా చిన్నదైన ఎన్ స్కేలుకు 12. ఆ వోల్టేజీ పోలారిటీ సెకనుకు వేలసార్లు మారుతుంది. సగం చక్రం 58 మైక్రోసెకన్లయితే ‘ఒకటి’, 100 లేదా అంతకు మించితే ‘సున్నా’. ఇంజన్‌లోని డీకోడర్ అదే రెండు పట్టాల నుంచి కరెంటునూ ఆజ్ఞనూ తీసుకుంటుంది. తన నంబరుకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది. జర్మనీలో లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతిని పునాదిగా తీసుకుని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. కాబట్టి ఒక కంపెనీ డీకోడర్ మరో కంపెనీ పెట్టెతో నడుస్తుంది. పొదుపు చేసేవారికి ఇది పెద్ద వరం. ఇవాళ చవక పెట్టెతో మొదలుపెట్టి రేపు మార్చుకున్నా, డీకోడర్ల మీద పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు. పెట్టె ఎంపికలో తప్పు చేసినా దిద్దుకోవచ్చు. నాసిరకం డీకోడర్లు పది కొంటే దిద్దుకోవడం కష్టం.

అసలు డీసీసీ అవసరమా?

బల్లమీద ఒక గుండ్రటి ట్రాక్, ఒకటో రెండో ఇంజన్లు, ఒకేసారి ఒక్కటే నడుస్తుంది. ఇంతే అయితే డీసీసీ కొనకండి. ఆ డబ్బుతో ఒక మంచి పాయింటూ (రైలును వేరే లైనుకు మళ్లించే పట్టాల ముక్క), నాలుగు బోగీలూ వస్తాయి.

రెండు ఇంజన్లు విడివిడిగా నడవాలి, కానీ కమాండ్ స్టేషన్ (ఆజ్ఞలు పంపే పెట్టె) ఖర్చు వద్దనుకుంటే బ్లూటూత్ డీకోడర్లు ఒక మధ్యదారి. హార్న్‌బీ వారి హెచ్‌ఎం7000 వరుస ఇలాంటిదే. పాత డీసీ పవర్ ప్యాక్ నాబ్‌ను నిండుగా తిప్పి ఉంచితే చాలు, ఫోన్ యాప్ నుంచి డీకోడర్‌కు నేరుగా ఆజ్ఞ వెళ్తుంది, శబ్దం కూడా వస్తుంది. తర్వాత డీసీసీకి మారినా అదే డీకోడర్ పనికొస్తుంది. చిక్కల్లా ఇంజన్ల సంఖ్య పెరిగినప్పుడే. మామూలు డీకోడర్ కంటే ఇది ఖరీదు, చిన్న ఎన్ స్కేలు ఇంజన్లలో పట్టించడం కష్టం. పైగా యాప్ ఒకే కంపెనీది కాబట్టి వాళ్ల దయమీదే ఉండాలి. మూడు ఇంజన్లు దాటితే ఈ లెక్క గిట్టదు.

కొనే పెట్టెల్లో ఏది?

అన్నిటికన్నా చవగ్గా కనిపించేది బాక్‌మన్ ఈ-జెడ్ కమాండ్. పది బటన్లు, తొమ్మిది డీసీసీ ఇంజన్లు, పదో బటన్ డీకోడర్ లేని ఇంజన్‌కు. పిల్లల చేతికిస్తే బాగుంటుంది. కానీ డీకోడర్ అడ్రసు మార్చడం తప్ప దానిలోపలి సెట్టింగులు, అంటే సీవీలు, దీంతో ముట్టుకోలేరు. ఇంజన్ ఒక్కసారిగా ఎగిరి బయల్దేరుతుంటే సరిచేసే మార్గం ఉండదు. చవగ్గా సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా వద్దనే చెబుతాం. ఆరు నెలల్లో రెండో పెట్టె కొనిపిస్తుంది.

సెకండ్‌హ్యాండ్‌లో నిజంగా విలువైనది రోకో మల్టీమౌస్ రిమోట్, పట్టాలకు కరెంటిచ్చే దాని నల్ల యాంప్లిఫయర్‌తో కలిపి. యూరప్ స్టార్టర్ సెట్లలో ఇవి లెక్కలేనన్ని అమ్ముడయ్యాయి, సెట్ విడగొట్టి అమ్మేవాళ్లూ ఎక్కువే. చేతిలో ఇమిడిపోతుంది, నాబ్ మధ్యలో ఉంటే రైలు ఆగుతుంది, అడ్రసులు 9999 దాకా. ఒక్క లోటుంది, దాన్ని తెలిసే కొనాలి. 10764 యాంప్లిఫయర్‌తో సీవీలు రాయగలదు గానీ చదవలేదు. పాత ఇంజన్ కొని దాని అడ్రసు ఎంతో తెలియకపోతే చదివి తెలుసుకునే వీల్లేదు, 3 అని కొత్తగా రాసేయడమే గతి. కొత్త ఇంజన్లే వాడేవారికి ఇది పెద్ద ఇబ్బంది కాదు.

తెల్లరంగు జెడ్21 స్టార్ట్ కూడా మల్టీమౌస్‌తోనే సెట్లలో వస్తుంది. ఫోన్‌తో నడపొచ్చని చూసి కొంటారు. అన్‌లాక్ కోడ్ విడిగా కొంటేనే ఆ వైఫై దారి తెరుచుకుంటుంది, ఇంట్లో ఒక రౌటర్ కూడా దానికి తగిలించాలి. ధర పోల్చేటప్పుడు ఆ కోడ్ ఖర్చునూ కలిపి చూడండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఎన్‌సీఈ పవర్ క్యాబ్, డిజిట్రాక్స్ జెఫిర్ ఎక్స్‌ప్రెస్ మధ్య. రెండూ సీవీలు చదువుతాయి, రాస్తాయి. పవర్ క్యాబ్ 2 ఆంపియర్లు ఇస్తుంది, మెనూలు సూటిగా మాటల్లో ఉంటాయి, కొత్తవారికి పుస్తకం అక్కర్లేదు. అయితే చేతిలోని ఆ రిమోటే కమాండ్ స్టేషన్, తీగ పీకితే రైళ్లన్నీ ఆగిపోతాయి. ప్రోగ్రామింగ్‌కు, అంటే డీకోడర్ సెట్టింగులు రాయడానికి, విడి అవుట్‌పుట్ కూడా లేదు. ప్రోగ్రామ్ మోడ్‌లోకి వెళ్లినప్పుడు పట్టాల మీద నాలుగు ఇంజన్లుంటే నాలుగింటికీ ఒకే అడ్రసు పడుతుంది. ఈ తప్పు దాదాపు అందరూ ఒక్కసారైనా చేస్తారు. జెఫిర్ ఎక్స్‌ప్రెస్ 3 ఆంపియర్లు, ప్రోగ్రామింగ్ ట్రాక్ విడిగా, కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ పెట్టెలోనే. పవర్ క్యాబ్‌కు ఆ యూఎస్‌బీ బోర్డు వేరే కొనాలి. రైలు వెంట నడుస్తూ నడపాలనుకుంటే పవర్ క్యాబ్, బల్ల ముందు కూర్చుని నడిపేవారికి జెఫిర్.

అక్కడ కొని సామానులో ఇండియాకు తెచ్చేటప్పుడు అడాప్టర్ మీద ఇన్‌పుట్ ఎంతని రాసుందో చదవండి. 100-240 అని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు తగిలించిన క్షణమే కాలిపోతుంది. అలాంటప్పుడు కన్వర్టర్ మోసుకురావడం దండగ. అవుట్‌పుట్ అంకెలూ, పిన్ పోలారిటీ సరిపోయే అడాప్టర్ ఇక్కడే కొనుక్కోవచ్చు.

మీరే కట్టుకునే దారి: డీసీసీ-ఈఎక్స్

సోల్డరింగ్ అంటే భయం లేనివారికి, ముఖ్యంగా ఇండియాలో ఉండి విదేశీ పెట్టె ధరకు తోడు షిప్పింగు, కస్టమ్స్ సుంకం భరించాల్సినవారికి మా సలహా ఇదే. డీసీసీ-ఈఎక్స్ ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్, ఉచితం. ఆర్డుయినో మెగా 2560 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దానిమీద గుచ్చి పట్టాలకు కరెంటిచ్చే ఒక మోటార్ షీల్డు, రెండు అడాప్టర్లు ఉంటే కమాండ్ స్టేషన్ తయారు. క్లోన్ (నకలు) బోర్డులతో మొత్తం రెండు మూడు వేల రూపాయల్లో పడుతుంది. సీవీలు చదువుతుంది, ప్రోగ్రామింగ్ ట్రాక్ విడిగా ఇస్తుంది, ఫోన్‌తో నడుస్తుంది. పై పెట్టెల్లో ఇవన్నీ ఒకేచోట ఇంత ధరకు దొరకవు. ఆర్డుయినో ఊనో బోర్డు ఇంట్లో ఉందని దాంతో ప్రయత్నించకండి, మెమరీ చాలదు.

ఎక్కువమంది బోర్లాపడేది మోటార్ షీల్డు దగ్గరే. మన ఆన్‌లైన్ షాపుల్లో ‘ఆర్డుయినో మోటార్ షీల్డు’ అని వెతికితే మొదట వచ్చేది ఎల్293డి షీల్డు, మూడు నల్ల చిప్పులతో. చవగ్గా ఉంటుంది, పనికిరాదు. చానల్‌కు 0.6 ఆంపియరే ఇస్తుంది, కరెంటు కొలిచే ఏర్పాటు లేదు. ఎర్రటి ఎల్298ఎన్ మాడ్యూల్ కూడా వద్దు. కావాల్సింది ఆర్డుయినో మోటార్ షీల్డు ఆర్3 నమూనాలో ఉన్న ఎల్298పి షీల్డు. ఒకవైపు ఆరు స్క్రూల టెర్మినల్ ఉంటుంది, ఏ, బీ చానళ్లు, విన్, గ్రౌండ్ అని. ఎల్298పి అని రాసి బజర్ ఉన్న ఇంకో షీల్డూ అమ్ముతారు, దాంట్లోనూ కరెంటు కొలిచే ఏర్పాటు ఉండదు. ఆ కొలత ఎందుకంత ముఖ్యమంటే, షార్ట్ అయినప్పుడు పవర్ కట్ చేసేదీ, డీకోడర్ ఇచ్చే జవాబును గుర్తించేదీ దాంతోనే. డీకోడర్ తన సెట్టింగు చెప్పాలంటే మోటార్‌ను ఆరు మిల్లీసెకన్లపాటు లాగి కనీసం 60 మిల్లీఆంపియర్ల దెబ్బ ఒకటి ఇస్తుంది. అది కనపడకపోతే చదవడం అన్న మాటే లేదు.

షీల్డు వచ్చాక మెగా మీద గుచ్చేముందు వెనక ‘విన్ కనెక్ట్’ అని రాసున్నచోట సన్నటి రాగి గీతను బ్లేడుతో కోయాలి. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి తెగిందో లేదో చూడండి. క్లోన్ మీద ఆ గుర్తు కనపడకపోతే షీల్డు విన్ పిన్నును మెగా సాకెట్లోకి వెళ్లకుండా బయటికి వంచినా సరిపోతుంది. ఇది మానేస్తే పట్టాలకిచ్చే 15 వోల్టులు మెగా రెగ్యులేటర్‌లోకి పోయి అది వేడెక్కుతుంది, బోర్డు పోతుంది.

పవర్ రెండుచోట్ల ఇవ్వాలి. మెగాకు 9 వోల్టులు, ఒక ఆంపియర్ అడాప్టర్. షీల్డు స్క్రూలకు హెచ్‌ఓ అయితే 15 వోల్టులు, 3 ఆంపియర్ల డీసీ అడాప్టర్, ఎన్ స్కేలుకు 12 నుంచి 14. ఎల్298పి చిప్ తనలోనే సుమారు రెండు వోల్టులు మింగేస్తుంది కాబట్టి పట్టాలకు చేరేది అంతకన్నా తక్కువ. ఎల్‌ఈడీ స్ట్రిప్పులకు వాడే 12 వోల్టుల అడాప్టర్ ఇంట్లో ఉంటే హెచ్‌ఓ ఇంజన్ కాస్త నిదానంగా పోతుంది తప్ప నష్టమేమీ లేదు. పాత ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ జోలికి మాత్రం పోకండి.

కంప్యూటర్లో ఈఎక్స్-ఇన్‌స్టాలర్ తెరిచి, బోర్డు మెగా అనీ, మోటార్ డ్రైవర్ స్టాండర్డ్ మోటార్ షీల్డు అనీ ఎంచుకుంటే మిగతాదంతా అదే చేస్తుంది. ప్రోగ్రామింగ్ భాష తెలియాల్సిన పనిలేదు. షీల్డు మీది ‘ఏ’ చానల్ మెయిన్ ట్రాక్‌కు, ‘బీ’ చానల్ ప్రోగ్రామింగ్ ట్రాక్‌కు. ముందు యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి, జేఎంఆర్‌ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని డీకోడర్‌ప్రోతో ఒక ఇంజన్ అడ్రసు చదివి చూడండి. అది వచ్చిందంటే కట్టడం సరిగ్గా ఉన్నట్టే.

వైఫై ఆ తర్వాతే. ఈఎస్‌పీ-01ఎస్ అనే చిన్న మాడ్యూల్ వాడతారు. దీన్ని మెగా 3.3 వోల్టుల పిన్నుకు తగిలిస్తే కాసేపు నడిచి మధ్యలో తెగిపోతుంటుంది. ఆ పిన్ను ఇవ్వగలిగేది 50 మిల్లీఆంపియర్లే, మాడ్యూల్ ఒక్కోసారి దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. 5 వోల్టులతో పనిచేసే చిన్న అడాప్టర్ బోర్డుతో కలిపి కొంటే ఈ తలనొప్పి ఉండదు. మాడ్యూల్ పంపే తీగ మెగా 19వ పిన్నుకు, అందుకునే తీగ 18కి, మామూలుగా అందరూ తారుమారు చేసేది ఇక్కడే. పనిచేస్తే ఫోన్లో డీసీసీఈఎక్స్ అని మొదలయ్యే వైఫై కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఇంజన్ డ్రైవర్ యాప్ తెరిచి 192.168.4.1 అనీ, పోర్ట్ 2560 అనీ ఇవ్వండి. ఇంట్లో ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. ఈ తీగల గొడవంతా వద్దు, కొంచెం ఎక్కువ పెట్టగలం అనేవారికి ఈఎక్స్-సీఎస్‌బీ1 అనే సిద్ధపు బోర్డు ఉంది. వైఫై అందులోనే ఉంటుంది, కరెంటూ ఎక్కువ ఇస్తుంది.

ఎల్298పి షీల్డు పరిమితి 1.5 ఆంపియర్ల దగ్గర అనుకోండి. శబ్దం లేని ఈ కాలపు హెచ్‌ఓ ఇంజన్ నడిచేటప్పుడు 0.2 నుంచి 0.3 ఆంపియర్లు తింటుంది, అంటే నాలుగు హాయిగా నడుస్తాయి. పాత ఇంజన్లు అయితే రెండే. ఇంట్లో మొదటి లేఅవుట్‌కు ఇంతకన్నా అరుదుగానే కావాలి.

డీకోడర్ల దగ్గర పొదుపు ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయకూడదు

ఇంజన్ పెట్టె మీద డీసీసీ రెడీ అని ఉంటే సాకెట్ మాత్రమే ఉందని అర్థం, డీకోడర్ లేదు. హెచ్‌ఓలో 8 పిన్నులు, 21 పిన్నులు, ప్లక్స్22 ఎక్కువ, ఎన్‌లో 6 పిన్నులు, నెక్స్ట్18. సాకెట్ ఏదో చూడకుండా డీకోడర్ ఆర్డర్ పెట్టకండి. 8 పిన్నుల ప్లగ్‌లో ఆరెంజ్ తీగ ఒకటో పిన్ను వైపు రావాలి. తిరగేసి పెడితే ఏమీ కాలదు, ఇంజన్ ఎదురు నడుస్తుంది, లైట్లు వెలగవు. తీసి తిప్పి పెట్టడమే.

సాకెట్ లేని పాత ఇంజన్‌కు తీగలు సోల్డర్ చేయాలి: ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా, ఆరెంజ్, బూడిదరంగు మోటార్‌కు, తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం లైట్లకు ఉమ్మడి పాజిటివ్. మొదలుపెట్టేముందు రెండు పరీక్షలు. ఒకటి, మోటార్ బ్రష్‌లలో ఏదీ ఛాసిస్‌కు గానీ చక్రాలకు గానీ తగలకూడదు. పాత ఇంజన్లలో ఒక బ్రష్ నేరుగా ఛాసిస్ మీదే కూర్చుంటుంది. విడదీయకుండా డీకోడర్ పెడితే పవర్ ఇచ్చిన క్షణమే దాని పని అయిపోతుంది. రెండు, 12 వోల్టుల డీసీ ఇచ్చి, ఇంజన్‌ను వేలితో నొక్కి చక్రాలు ఆగేలా చేసి ఒక్క సెకను కరెంటు కొలవండి. ఆ అంకె డీకోడర్ రేటింగ్ కన్నా తక్కువ ఉండాలి. మామూలు హెచ్‌ఓ డీకోడర్ 1 ఆంపియర్. పాత మోటార్ 1.4 లాగుతుంటే ఆ ఇంజన్‌ను షోకేసులో పెట్టడం చవక.

చైనా నుంచి వచ్చే లైస్‌డీసీసీ వంటి చవక డీకోడర్లు గూడ్స్ ఇంజన్లకు, అరుదుగా నడిపేవాటికి బాగానే సరిపోతాయి. స్టేషన్‌లోకి నత్తనడకన వచ్చి ఆగాల్సిన ఇంజన్‌కు మాత్రం మోటార్ నియంత్రణ మెరుగ్గా ఉన్నది పెట్టండి, ఈఎస్‌యూ లోక్‌పైలట్ బేసిక్, జిమో లాంటివి. తేడా కంటికి కనపడుతుంది. సౌండ్ అన్నిటికీ అక్కర్లేదు. నాలుగు ఇంజన్లు ఒకేసారి మోగుతుంటే పావుగంటలో మీరే అన్నిటి నోళ్లూ మూయిస్తారు. ఒక్క డీజిల్ ఇంజన్‌కు పెట్టుకోండి చాలు.

డీకోడర్ లేని ఇంజన్‌ను డీసీసీ పట్టాల మీద ఉంచకండి. కొన్ని పెట్టెలు అడ్రసు సున్నాతో నడపొచ్చంటాయి. నిలబడినప్పుడు కూడా మోటార్ గుయ్యిమంటూ వేడెక్కుతుంది, కోర్‌లెస్ మోటార్ అయితే కాలిపోతుంది. డీసీసీ-ఈఎక్స్‌లో ఆ సౌకర్యమే లేదు, ఒక చానల్‌ను పూర్తిగా డీసీగా మార్చి అక్కడ నడుపుకోవచ్చు.

అడ్రసుల సంగతి ఒకటి. కొత్త డీకోడర్ అడ్రసు 3 ఉంటుంది. ఇంజన్ మీద రాసిన నంబరే పెట్టుకుంటే గుర్తుంచుకోవడం తేలిక, కానీ పొడుగు అడ్రసు 10239 దాటదు. లాలాగూడ షెడ్ డబ్ల్యూఏపీ-7 ఇంజన్లకు ఐదంకెల నంబర్లు, 30 వేల పైన. కాబట్టి చివరి నాలుగంకెలు వాడండి. 30201 అయితే 0201, అంటే 201. సీవీ29 విలువ మామూలుగా 6, పొడుగు అడ్రసు పనిచేయాలంటే దానికి 32 కలిపి 38 చేయాలి. డీకోడర్‌ప్రో దీన్ని తనే చూసుకుంటుంది, చేత్తో రాసేవారే మర్చిపోయి ‘అడ్రసు మార్చినా కదలడం లేదు’ అని తల పట్టుకుంటారు. ఎంతకీ అంతు చిక్కకపోతే చాలా డీకోడర్లలో సీవీ8లో 8 రాస్తే ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లి అడ్రసు మళ్లీ 3 అవుతుంది.

పట్టాలు, తీగలు

డీసీసీకి రెండు తీగలు చాలు అన్న ప్రచారం నమ్మకండి. బల్ల కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు రెండు, ఇంటి వైరింగుకు వాడేవే, పొడవునా లాగి, ప్రతి మీటరుకు ఒకచోట సన్నటి తీగలతో (ఫీడర్లు) పట్టాలకు కలపండి. రైల్ జాయినర్లను నమ్ముకుంటే మూడు నెలల్లో దూరపు మూల దగ్గర ఇంజన్ తడబడుతుంది. విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇత్తడి పట్టాలు త్వరగా నల్లబడతాయి, కొత్తగా కొనేవి నికెల్ సిల్వరే కొనండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి, గరుకు కాగితంతో రుద్దకండి.

పాత డీసీ సెట్‌లో కరెంటు ఇచ్చే ట్రాక్ ముక్క లోపల రేడియో అంతరాయం ఆపడానికి చిన్న కెపాసిటర్ ఉండొచ్చు. అది డీసీసీ సంకేతాన్ని పాడుచేస్తుంది. ఇంజన్లు ఆజ్ఞ వినడం లేదంటే ముందు అక్కడ చూసి కత్తిరించండి.

లూపు తిరిగి రైలు అదే లైనులోకి ఎదురుగా వస్తే ఎడమ పట్టా కుడి పట్టాను తాకి షార్ట్ అవుతుంది. డీసీసీలోనూ ఇది తప్పదు. మొదటి లేఅవుట్‌లో రివర్స్ లూపు పెట్టకపోతే ఆటో రివర్సర్ (అక్కడ పోలారిటీని తనే మార్చే పరికరం) ఖర్చు మిగులుతుంది. పాయింట్లు కూడా మొదట్లో చేత్తోనే మార్చుకోండి. ఒక పాయింట్ మోటారూ, దానికి డీకోడరూ కలిపితే ఒక ఇంజన్ డీకోడర్ ఖర్చును మించిపోతుంది.

అంతా బిగించాక, పట్టాల మీద ఇంజన్లు లేకుండా పవర్ ఇచ్చి, ఒక రూపాయి బిళ్లను రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి. హెచ్‌ఓ పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు, బిళ్ల సరిగ్గా ఆనుతుంది. పెట్టె వెంటనే కట్ చేయాలి. ప్రతి మీటరుకు, ప్రతి పాయింటు అవతల, చివరి సైడింగు కొస దగ్గర ఇలా చేసి చూడండి. ఎక్కడైనా కట్ చేయకుండా బిళ్ల వేడెక్కిందంటే అక్కడికి చేరే తీగ సన్నగా ఉందన్నమాట. రేపు అదేచోట ఇంజన్ పట్టా తప్పి షార్ట్ అయితే కరెంటు ఆగకుండా ప్రవహించి చక్రాలూ డీకోడరూ కరుగుతాయి. అక్కడ ఇంకో జత ఫీడర్ తీగలు సోల్డర్ చేసి, బిళ్ల మళ్లీ పెట్టి చూశాకే ఇంజన్‌ను పట్టాలెక్కించండి.